పటం వెనక పసుపు పొట్లం

చచ్చిపోయిన మనిషి గొంతు తన చెవులారా విన్నానని సుక్కమ్మ మూడుసార్లు చెప్పింది. మూడుసార్లలోనూ ఒక్క మాట మారలేదు. అబద్ధమాడే మనిషైతే రెండోసారికి ఏదో ఒకటి కలుపుతుంది, మూడోసారికి అందులోంచి ఏదో ఒకటి జారవిడుస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఠాణాల్లో బతికి, హెడ్ కానిస్టేబుల్‌గా దిగిపోయి, ఇప్పుడు మేడ్చల్‌లో తన ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుని జనం గోడు వింటున్న దుర్గాబాయికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇంకోపారి అడుగుతున్న, ఏమనుకోకు సుక్కమ్మా. ఏ దినం?"

"బుధారం. నాలుగ్గొట్టంగ."

"నాలుగని నీకెట్ల ఎరుక?"

"చాయ్ గిలాసలు పట్టుకొని వస్తున్న గద. ల్యాబు క్యాంటీన్ల కెటిలి దించుడే నాలుగ్గొట్టంగ. గా మూలరూము ముంగటికి రాంగనే లోపట్నుంచి వినబడ్డది. 'నాలుగైంది. అందరూ చేసిన పని దాచుకోండి. టీ చల్లారిపోతుంది.' అదే గొంతు, అదే మాట. సాయి సారు తన మాట గా కంప్యూటర్ల నింపి పెట్టిండు, బతికున్నప్పుడు దినాం గట్లనే వినొస్తుండె. నేను గిలాసలు ఆడ్నే ఇడిసిపెట్టి ఉరికిన."

"తలుపు?"

"ఏసే ఉన్నది. లోపట లైటు సుత లేదు." సుక్కమ్మ కొంగుతో కళ్ళద్దుకుంది. "అప్పటికే సచ్చి నాలుగొద్దులాయె పిల్లగాడు. ఇంకా మా చాయ్ సల్లారుతదని రంది పడుతున్నడు. ఏం మనిషమ్మా!"

దయ్యాలంటే దుర్గాబాయికి భయం లేదు. ఎన్ని శవాల పక్కన కాపలా కూర్చుందో ఆమెకే లెక్క తెలియదు. కానీ గొంతు వేరు. ఆమె పెనిమిటి పోయి పదకొండేళ్ళయింది. ఫోటో గోడమీద ఉంది, గొంతు ఎక్కడా లేదు. ఆ గొంతు ఎలా ఉండేదో ఈమధ్య సరిగ్గా గుర్తు కూడా రావడంలేదు. అలాంటిది, పోయినవాడు మళ్ళీ పలికాడంటే విన్నవాళ్ళ గుండె ఏమైపోవాలి!

ఆ పలికినవాడు నాగసాయి. తుర్కపల్లిలోని ఆ టీకాల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేవాడు. కాకినాడ పిల్లవాడు. లాల్‌గడి మలక్‌పేట్‌లో కొత్తగా లేచిన కాలనీలో తల్లి శేషారత్నమ్మ, భార్య లిఖితలతో కాపురం. పోయిన శనివారం సాయంత్రం ఆరింటికి ల్యాబు నుంచి బయల్దేరాడు. ఆదివారం పొద్దున శామీర్‌పేట చెరువులో తేలాడు. స్కూటరు కట్టమీద, తాళంచెవి దానికే.

ల్యాబువాళ్ళు చెప్పిందేమంటే, మూలగది కంప్యూటర్లో పాత విండోస్ తీసి కొత్తది వేస్తానని బయల్దేరాడు, ముందుగా బ్యాకప్ తీసుకోలేదు, పని మధ్యలో చెడింది, టీకాలు నిలవచేసే కోల్డ్ రూముల మూడేళ్ళ రికార్డంతా తుడిచిపెట్టుకుపోయింది. మొహం చూపించలేక చెరువులో దూకాడు. ఎస్సై వీరేందర్ కూడా అదే రాసుకున్నాడు. ఇవాళ మళ్ళీ శనివారం, సాయంత్రం ఐదింటికి ఆ ఫైలు డీఎస్పీ బల్ల ఎక్కుతుంది. ఎక్కితే ఇక దిగదు. తన తప్పుకి తానే సిగ్గుపడి చచ్చినవాడని నాగసాయి పేరు మీద ముద్ర పడిపోతుంది.

"ఆయన ఇమేజ్ తీయకుండా ఏ మిషనూ ముట్టుకోరండీ," అని పొద్దున లిఖిత ఏడవకుండా చెప్పింది. ఏడుపు అయిపోయిన మొహం అది. "అలవాటు కాదు, అదో వ్రతం."

ఇమేజ్ అంటే ఏమిటో దుర్గాబాయికి అర్థమయ్యేలా చెప్పిందీ ఆ పిల్లే. ఇల్లు బాగుచేయించే ముందు ముఖ్యమైన కాగితాలు నాలుగు తీసి పెట్టెలో పెట్టుకోవడం ఒక పద్ధతి. అలా కాకుండా ఇల్లంతా ఉన్నదున్నట్టు అచ్చు తీసి పెట్టుకుంటే? చిలక్కొయ్యకి వేలాడే చొక్కా, పొయ్యిమీద పాలు, పాలమీద మీగడ, అన్నీ. రేపు బాగుచేసిన ఇల్లు కూలినా, ఆ అచ్చు తెచ్చి పరిస్తే పాత ఇల్లు పాలమీద మీగడతో సహా లేచి నిలబడుతుంది. కంప్యూటర్ని అలా అచ్చు తీసి సీడీల్లో దాచడమే ఇమేజ్.

"అంటే ఆ అచ్చు తిరిగి పరిస్తే, మీ ఆయన నింపిన మాట సుత లేచి వస్తదా?"

లిఖిత తలూపింది. "వస్తుందండీ. ఆ పెట్టెకి ఆయన పోయిన సంగతి తెలియదుగా."

ఆ మాట పొద్దుట్నుంచీ దుర్గాబాయి వెన్నంటే తిరుగుతోంది.

* * *

ల్యాబు మేనేజరు పట్టాభిరామయ్యకి యాభై అయిదేళ్ళుంటాయి. నుదుట గంధం, మధ్యలో కుంకుమ, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా. దుర్గాబాయికి కుర్చీ తనే జరిపాడు.

"అడగండమ్మా. ఆ కుర్రాడు నాకు కొడుకులాంటివాడు."

"బ్యాకప్ తీయలేదని మీకెట్ల తెలిసింది సార్?"

"వాడే చెప్పాడు. శనివారం సాయంత్రం నా కాళ్ళమీద పడ్డాడు. తొందరపడ్డాను సార్, అంతా పోయింది సార్ అని ఒకటే ఏడుపు. పోనీలేరా, మనుషులం, తప్పులు చేస్తాం అన్నాను. ఇంత పని చేస్తాడని..."

"సోమవారం ఇంజనీరును పిలిపించి కొత్త విండోస్ వేయించిండ్రు. అవునా?"

"అవునమ్మా. పని ఆగకూడదు కదా."

"గురువారం మళ్ళ అదే ఇంజనీరు వచ్చిండు. గేటుకాడి బుక్కుల చూసిన. పదిన్నరకు వచ్చి ఒంటిగంటకు పోయిండు. సోమవారం కొత్తగా వేసింది మూడు దినాలకే మళ్ళ ఎందుకు వేయించిండ్రు?"

పట్టాభిరామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలకి మరకేమీ లేదు, దుర్గాబాయి చూసింది.

"మొరాయించింది. యంత్రం కదమ్మా."

"ఆ రూము తాళం?"

"నా దగ్గరే. సోమవారం ఎస్సైగారు చేతికిచ్చారు. అప్పట్నుంచి ఇంకెవరికీ ఇవ్వలేదు."

"బుధవారం నాలుగింటికి ఆ రూముల సాయి గొంతు వినొచ్చిందట."

"పనిమనుషుల మాటలు." ఆయన చిన్నగా నవ్వాడు. "మీలాంటివారు కూడా నమ్ముతారా?"

అక్కడ దుర్గాబాయి ఒక పని చేసింది. ఠాణాలో ఎన్నోసార్లు చేసిన పనే. అనుమానం ఉన్నవాడి ముందు ఒక గింజ చల్లి, కోడి తల ఎటు తిప్పుతుందో చూడటం.

"నమ్ముడు నమ్మకపోవుడు పక్కకు పెట్టుండ్రి సార్. సాయి ఎప్పుడు అచ్చు తీసినా రెండు జతలు తీసేటోడట. ఒకటి ఇక్కడ, ఒకటి ఇంట్ల. ఆ సంగతి మీకెరుకేనా?"

ఆయన మొహంలో రెప్ప కూడా అదరలేదు. "పాపం, అలాగా! నాకు తెలియదే," అన్నాడు. గోడ గడియారం వైపు చూశాడు. మూడుంబావు. "సికింద్రాబాద్‌లో పని ఉందమ్మా. తాళం ఇదిగో. మీరు చూసుకోండి, నేను దాచేదేముంది?"

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. గింజ వృథా అయిందనుకుంది దుర్గాబాయి. అంత నింపాదిగా తాళం ఇచ్చి పోయేవాడు దోషి అవుతాడా అని ఆమెకే ఒక సందేహం వచ్చింది.

* * *

మూలగది గడప దగ్గర చెప్పులు విప్పింది. లోపల సరస్వతీదేవి పటం ఉందని సుక్కమ్మ ముందే చెప్పింది.

గదిలో కిటికీ లేదు. లైటు వేస్తే రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. బల్లమీద కంప్యూటరు, దానికి అటూ ఇటూ గుప్పెడంత స్పీకర్లు రెండు, పక్కన ప్రింటరు. కుర్చీ వీపుకి నాగసాయి చేతిరుమాలు ఇంకా ఆరేసినట్టే ఉంది. ఇప్పుడే లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిన మనిషి కుర్చీలా ఉందది. దుర్గాబాయి అందులో కూర్చోలేదు. వెలగని తెరలో తన మొహం నల్లగా, ఎవరిదో మొహంలా కనిపిస్తే చూపు తిప్పుకుంది.

"ఏందక్కా, దయ్యాన్ని పట్టి సీసాల పెట్టినవా?"

గుమ్మంలో ఎస్సై వీరేందర్. ఒకప్పుడు దుర్గాబాయి చేతికింద కానిస్టేబుల్‌గా చేరి, చదివి పరీక్ష రాసి ఎస్సై అయ్యాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. ఎత్తనందుకే అతనికి మంట.

"రా వీరేందర్ సార్. బూట్లు ఇప్పి రా, అమ్మవారున్నది."

"నా ఠాణాల నేను రాసిన కేసుల వేలు పెట్టి, మళ్ళ నాకే బూట్లు ఇప్పమంటున్నవా? పెన్షన్ తీసుకొని మనుమరాలికి జడలెయ్యక నీకెందుకక్కా గీ పరేషాన్? పోస్ట్‌మార్టం అయింది. నీళ్ళు మింగి సచ్చిండు. దెబ్బల్లేవు."

"నీళ్ళల్ల నూకినా నీళ్ళే మింగుతరు. ఈత రాదు ఆ పిల్లగానికి."

"ఎందుకు నూకుతరు? రికార్డు పోగొట్టిందే వాడు!"

"రికార్డు పోలేదు." దుర్గాబాయి గోడవైపు వేలు చూపింది. "అగో చూడు."

పటం కింద చిన్న చెక్క అర. దానిమీద వారం రోజుల దుమ్ము సన్నగా పరుచుకుంది. ఆ దుమ్ములో అరచేయంత చదరం ఒకటి శుభ్రంగా ఉంది. అక్కడేదో డబ్బా ఉండేది. దుమ్ము పడ్డాక తీసుకుపోయారు.

"అచ్చు తీసిన సీడీలకు పసుపు బొట్టు పెట్టి, కొత్త విండోస్ మంచిగ లేచేదాక అమ్మవారి ముంగట పెట్టేటోడు సాయి. పెండ్లాం చెప్పింది, సుక్కమ్మ చెప్పింది. ఆ డబ్బా శనివారం ఇక్కడున్నది. తర్వాత లేదు."

"దుమ్ముల గీత చూసి ఖూనీ కేసు రాయాల్నా? డీఎస్పీ సార్ నవ్వుతడక్కా."

"నవ్వనీ. ఆ గుండీ ఒత్తు, సీడీ పెట్టేది బయటికి రానీ."

వీరేందర్ విసుగ్గా ఒత్తాడు. కంప్యూటరు నాలుక చాపినట్టు పళ్ళెం బయటికి వచ్చింది. దాని అంచున, గోటితో గీస్తేగానీ రానంత, పసుపుపచ్చటి నలుసు. దుర్గాబాయి గోటితో తీసి వాసన చూసింది. వంటింటి పసుపే.

"దసరాకు పూజ చేసింటరు," అన్నాడు వీరేందర్. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

"పూజ చేస్తే పెట్టె మీద పెడతరు బొట్టు. నాలుక మీద పెట్టరు. ఎవడో ఆ సీడీలు తెచ్చి దీంట్ల ఏసిండు. బుధవారం. పాత ఇల్లు లేచి నిలబడ్డది. గంట నాలుగు కొట్టంగనే అందులున్న సాయి గొంతు టైముకు పలికింది. సుక్కమ్మ విన్నది దయ్యాన్ని కాదు. లోపట కూసున్నోడు గుండె ఆగినంత పని అయి, గురువారం ఇంజనీరును పిలిపించి మళ్ళ అంతా తుడిపిచ్చిండు."

"ఎవడో, ఎవడో! ఆ ఎవడో సంతకం పెట్టి పోయిండా? రుజువేదక్కా?"

దుర్గాబాయి నలుసు అంటిన వేలిని చూసుకుంటూ నిలబడింది. పసుపు అంటిన సీడీని మిషను చదవదు. అందుకని వచ్చినవాడు బొట్టును గీకి, తుడిచి పెట్టి ఉంటాడు. జతకి నాలుగు సీడీలు. వాటి పసుపు చిటికెడు కంటే ఎక్కువే ఉంటుంది. ఆ పసుపు ఎక్కడ? నేలంతా వెదికింది, లేదు. చెత్తబుట్టలో లేదు.

అప్పుడు ఆమె చెయ్యి తనంతట తానే తన సంచిలోకి పోయింది. అందులో ఎల్లమ్మ గుడి కుంకుమ పొట్లం ఒకటి ఉంది, పోయిన బోనాలనాటిది. ఇంకోటి ఎక్కడిదో ఆమెకే గుర్తులేదు. వాడేది లేదు. పారేయడానికి చేయి రాదు. అమ్మవారి ముందు పెట్టిన పసుపు కుంకుమ ఎవరి కాలికిందైనా పడితే ఎలా? ఖూనీ చేసినవాడికైనా ఆ భయం ఉంటుంది. ఖూనీ చేసినవాడికి ఇంకా ఎక్కువ ఉంటుంది.

"నేనైతే ఏం చేస్తును?" అని పైకే అనుకుని, స్టూలు లాక్కుని ఎక్కింది. పటాన్ని కళ్ళకద్దుకుని గోడనుంచి కొంచెం ముందుకు వంచింది.

వెనక, చట్రానికీ అట్టకీ మధ్య, నాలుగు మడతలు పెట్టిన కాగితప్పొట్లం.

వీరేందర్ బూట్లు ఎప్పుడు విప్పాడో, వట్టి కాళ్ళతో వచ్చి స్టూలు పట్టుకున్నాడు.

పొట్లం బల్లమీద విప్పారు. లోపల గీకిన పసుపు, ఎండి పొడిపొడిగా. కాగితం ప్రింటరు కాగితమే, అంచున వరస చిల్లులతో, సగం చింపిన ముక్క. దుర్గాబాయికి ఇంగ్లీషు అక్షరం కూడబలుక్కుంటేగానీ రాదు, అంకెలు మాత్రం బాగా వచ్చు. మొదటి వరసలో తారీఖు, టైము: పదహారు, ఏడో నెల, రెండువేల మూడు. పదిహేను యాభై రెండు.

"పదహారు అంటే బుధవారం," అంది. "మూడు గంటల యాభై రెండు నిమిషాలు. ఇగ కిందిది నువ్వు చదువు."

వీరేందర్ చదివాడు. కోల్డ్ రూం రెండు. మే నెల. పదకొండు డిగ్రీలు, పన్నెండున్నర, పదమూడు. పక్కనే నాగసాయి ఎక్కించిన చిన్న మాట: టీకాలు రెండు నుంచి ఎనిమిది మధ్య ఉండాలి, మేనేజరుగారికి చెప్పాను, సరుకు ఆపలేదు.

తుడిచిపెట్టుకుపోయిందన్న రికార్డు, మనిషి చచ్చిన నాలుగో రోజు, తాళం వేసిన గదిలో అచ్చయింది. చెడిన టీకాల సంగతి ఆ పిల్లవాడికి ఎంత తెలుసో చూసుకోవడానికి ఎవడో పాత ఇల్లు లేపి చూశాడు. చూసి, మళ్ళీ కూల్చాడు. చేతికందిన కాగితంలో పసుపు మూటగట్టి అమ్మవారి వెనక దాచాడు. పైనున్న అంకెలు చూసుకోలేదు. ఆ క్షణానే స్పీకర్లోంచి చచ్చినవాడు పలికి ఉంటాడు మరి, ఎక్కడ చూసుకుంటాడు!

"అక్కా," వీరేందర్ కాగితం బల్లమీద పెట్టేశాడు. "తాళం... సోమవారం నేనే ఆయన చేతుల పెట్టిన. పెద్దమనిషి గదా అని."

"ఎవరికీ ఇయ్యలేదని ఇప్పుడే నాకు నోటితోని చెప్పిండు. ఐదింటికి ఫైలు పోవాలె గద, పోనీ. కాకపోతే ఇంకో తీరుగ రాసి పంపు."

ఆ మాట అంటూనే ఆమె ఆగిపోయింది. గడియారం చూసింది. నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ.

ఒకటి ఇక్కడ, ఒకటి ఇంట్లో.

గింజ వృథా కాలేదు. ఆయన దాన్ని ముక్కున కరుచుకుని మరీ పోయాడు. ఆ గింజ చల్లింది తనే.

రెండో జత సీడీలు నాగసాయి ఇంట్లో దేవుడి గదిలోనే ఉండేవి. చావు మైల కాబట్టి వారం నుంచి ఆ గది తలుపు ఎవరూ తీయలేదు. ఇంటివాళ్ళు ముట్టుకోకూడదని శేషారత్నమ్మ అడ్డుపడితే, మైల లేని బయటిమనిషిని కనుక దుర్గాబాయే పొద్దున స్నానం చేసి వెళ్ళి, లోపలికి పోయి డబ్బా తెచ్చి లిఖిత చేతిలో పెట్టింది. లిఖితకి పని తెలుసు, పెళ్ళికి ముందు కంప్యూటర్ సెంటర్లో చేసింది. ఇంట్లో ఉన్నదీ ల్యాబు మిషను లాంటిదే, రెండూ ఒకేసారి కొన్నాడు నాగసాయి. రెండింటిదాకా కరెంటు ఉండదు, రాగానే పాత ఇల్లు లేపి చూస్తానంది. అంటే ఇప్పటికి లేచే ఉంటుంది.

దుర్గాబాయి బల్లమీద ఫోను లాక్కుని నంబరు తిప్పింది. ఒకసారి మోగింది. రెండుసార్లు. మూడోసారికి ఎత్తారు.

"ఆంటీ, మీరేనా?" లిఖిత. చాలా రోజులకి ఆ గొంతులో ప్రాణం ఉంది. "వచ్చిందండీ! నాలుగో సీడీ అయిపోయింది. తెర అంతా ఆయన పెట్టినట్టే ఉంది. కోల్డ్ రూం రికార్డు ఒక్క రోజు పోలేదు. ఆయన ఏ తప్పూ..."

"లిఖితా, ఇంట్ల ఎవరున్నరు?"

"అత్తయ్యగారు. ఇంకా పట్టాభిరామయ్యగారు వచ్చారండీ, ఇప్పుడే. హాల్లో అత్తయ్యగారితో మాట్లాడుతున్నారు. పదో రోజుకి ఏమైనా సాయం కావాలా అని. కాఫీ ఇచ్చాను. ఈ గది తలుపు దగ్గరగా వేశాను, ఆయనకేమీ తెలియదు."

"నా మాట ఇను బిడ్డా. గా పెట్టె బంద్ చెయ్యి. ఇప్పుడే. జల్దీ!"

"ఒక్క నిమిషం, షట్‌డౌన్ పెట్టి..."

"వైరు గుంజు! వైరు గుంజి పారెయ్!"

వీరేందర్ అప్పటికే బయటికి ఉరుకుతున్నాడు. వట్టి కాళ్ళతోనే. కిందెక్కడో జీపు మొరాయిస్తోంది. వరండాలో సుక్కమ్మ గిలాసలు గలగలమంటున్నాయి, నాలుగు కొట్టింది కాబట్టి.

ఫోనులోంచి, స్పష్టంగా, పక్కనే నిలబడి చెప్పినట్టు, బతికున్న మనిషి నవ్వుతూ పలికినట్టు:

"నాలుగైంది. అందరూ చేసిన పని దాచుకోండి. టీ చల్లారిపోతుంది."

శేషారత్నమ్మ కేక. "సాయీ! ఒరే సాయీ, ఎక్కడున్నావురా నాన్నా!" కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. స్టీలు గ్లాసు నేలమీద దొర్లుతూ, దొర్లుతూ, ఆగింది. వీధి తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. లోపల్నుంచి వేసిన గడియ.

"లిఖితా? లిఖితా!"

రిసీవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. ఊపిరి వినిపించింది, నింపాదిగా.

"దుర్గాబాయిగారూ," అన్నాడు పట్టాభిరామయ్య, అంతే మర్యాదగా. "నాలుగు సీడీలేనామ్మా? ఇంకెక్కడైనా ఉన్నాయా?"